అంగడిలో ఆంగ్లం

నల్లమల పాదాన వెలసిన మహానందికి వచ్చిన యాత్రికులు కోనేటి స్వచ్ఛజలాన్ని చూసి, తిరుగుదారిలో అరటిపండ్లు బేరమాడతారు. "డజను ఎంత?" అనే ఆ ప్రశ్నలో ఆంగ్లపదమున్నదని అడిగినవారికీ తోచదు, అమ్మినవారికీ తోచదు. రేటు, బిల్లు, ప్యాకెట్టు కూడ అట్టివే.

వయోజనుడు అక్షరాలకు కొత్తవాడే గాని లోకానికి కొత్తవాడు కాడు. తూకం చూడటం, నోటిలెక్క కట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. పసిపిల్లలవలె వల్లె వేయిస్తే చిన్నబుచ్చుకుంటాడు. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరే 1963లో ఆంజికోస్ పట్టణంలో శ్రామికులకు వారి బతుకులోని మాటలతోనే చదువు నేర్పాడు.

పొట్లం మీది అచ్చు అసలు చిక్కు. 2011లో అమలులోకి వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ధర, నికర పరిమాణం వంటి వివరాలు హిందీలో గాని ఆంగ్లంలో గాని ఉండాలి. ఇతర భాషలు అదనంగా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తెలుగు మాత్రమే చదవగల గృహిణి, నూనె ప్యాకెట్టును ఏ నెలలోపు వాడాలో ఇతరులను అడగవలసిందే. 'ఎం.ఆర్.పి.' అనే మూడక్షరాలను గుర్తించగలిగితే, దుకాణదారు అదనంగా అడిగిన రూపాయిని ఆమె ప్రశ్నించగలదు.

కనుక పాఠం ఖాళీ సబ్బుపెట్టెతో మొదలుకావచ్చు. ఒకరు అమ్మేవారు, మరొకరు కొనేవారు. "హౌ మచ్?" అని ఒకరడిగితే రెండవవారు ధర చెబుతారు. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' చెవికి దాదాపు ఒకటిగానే వినిపిస్తాయి. పొరపడితే ముప్పై అయిదు రూపాయలు తేడా! పదిహేను, యాభై అనే తెలుగు మాటలకు ఈ బెడద లేదు. అందుచేత విన్న ధరను మరల పలికించి, కాగితంపై అంకె వేయించాలి. మరునాడు అభ్యాసకులు నిజమైన దుకాణానికి వెళ్లి, నిజమైన పొట్లాన్ని తిరగవేసి చదువుతారు.