కూలి పుస్తకం

సంక్రాంతి పోయింది. గోదావరి ఒడ్డున మిరప తోటలు ఎర్రబడ్డాయి. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు... ఎటు చూసినా మిరప పంటే. పండిన కాయ ఆగదు. చెట్టు మీదే ఉంటే రాలిపోతుంది. వాన పడితే తాలవుతుంది. అందుకే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ కూలీలకు గిరాకీ. ఊళ్ళో మనుషులు చాలరు. అడవి అవతల ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి కోయలు గుంపులుగా వస్తారు. ఒక మూట, ఒక గిన్నె, చంకలో బిడ్డ. తోట పక్కనే పట్టాలు కట్టుకుని నెలా రెండు నెలలు ఉంటారు.

ఒక ఊళ్ళో పొదుపు సంఘం ఆడవాళ్ళు పదిమంది కలిసి మూడెకరాలు కౌలుకు తీసుకున్నారనుకుందాం. పోయిన ఏడాది దాకా వాళ్ళూ కూలికి పోయినవాళ్ళే. ఎండలో నడుం వంచి కాయ ఏరినవాళ్ళే. ఈ ఏడు వాళ్ళే ఇరవై మందిని పనికి పెట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ళు యజమానులు.

"మేమెక్కడ యజమానులం? మాకు మేడ ఉందా, ట్రాక్టరు ఉందా?" అని వాళ్ళు నవ్వుతారు. కానీ చట్టం మేడను చూడదు. కూలి ఇచ్చి పని చేయించుకునే ప్రతి మనిషీ యజమానే. "కూలీలను మేస్త్రి తెచ్చాడు, డబ్బు మేస్త్రికి ఇచ్చాం, మాకేం తెలుసు" అంటే కూడా కుదరదు. మేస్త్రి కూలి ఎగ్గొడితే తోటవాళ్ళే కట్టాలి.

కూలీల గురించి మన దేశంలో చాలా చట్టాలు ఉండేవి. కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలనే చట్టం 1976లో వచ్చింది. ఈ రెండింటినీ, ఇంకొన్నిటినీ కలిపి 2019లో వేతనాల కోడ్ అనే ఒక్క చట్టం చేశారు. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కోడ్ అన్నా చట్టమే. పేరు మారింది గానీ కనీస కూలి ఇవ్వాలనే మాట మారలేదు. వ్యవసాయ కూలీలకూ అది వర్తిస్తుంది.

మిరప తోటలో కూలి ఎక్కువగా కిలో లెక్కన ఇస్తారు. ఎన్ని కిలోలు ఏరితే అంత డబ్బు. ఇది తప్పు కాదు. కానీ ఒక చిక్కుంది. మొదటి కోతలో కాయ గుత్తులు గుత్తులుగా ఉంటుంది. గంప తొందరగా నిండుతుంది. మూడో కోత, నాలుగో కోత వచ్చేసరికి చెట్టుకు నాలుగు కాయలుంటాయి. పొద్దంతా ఏరినా గంప నిండదు. తప్పు కూలిమనిషిది కాదు, చెట్టుది. అప్పుడు కిలో లెక్క కట్టి "నీకింతే వచ్చింది" అనడం చట్టం ఒప్పుకోదు. పనిరోజంతా పనిచేసిన మనిషికి సర్కారు పెట్టిన కనీస కూలి కంటే తక్కువ ఇవ్వకూడదు. తక్కువ పడినది తోటవాళ్ళు కలపాలి. కనీస కూలి ఎంతో కార్మిక శాఖ ఆఫీసులో చెప్తారు. అది మారుతూ ఉంటుంది. పని మొదలయ్యే ముందే కనుక్కోవాలి.

మగవాళ్ళు కూడా కాయ ఏరితే వాళ్ళకు కిలోకు రూపాయి ఎక్కువ, ఆడవాళ్ళకు తక్కువ అనడం కూడా నేరమే. పని ఒకటే అయినప్పుడు కూలీ ఒకటే. కూలిని కాయ రూపంలో కొలిచి ఇచ్చి "అమ్ముకో పో" అనే అలవాటు కొన్ని చోట్ల ఉంది. కూలి డబ్బుగానే ఇవ్వాలి. చేతికి ఇవ్వొచ్చు, బ్యాంకులో వేయొచ్చు.

ఇక అసలు గొడవ దగ్గరికి వద్దాం. అది ఏప్రిల్‌లో వస్తుంది.

ఏప్రిల్ నడిమికి అడవిలో తునికాకు లేతగా వస్తుంది. ఆకు తెంపే కాలం కొద్ది రోజులే. ఆకు కట్టలు కడితే నాలుగు రూపాయలు వస్తాయి. అందుకే కూలీలు ఇళ్ళకు పోవాలని తొందరపడతారు. తోటలో చివరి కోత మిగిలే ఉంటుంది. మేస్త్రి వచ్చి అడుగుతాడు.

"అక్కా, ఆకు తెంపుడు మొదలైంది. మావోళ్ళు పోతమంటున్నరు. పైసలిస్తే రేపు బయలుదేరుతం."

"ఇంకో కోత ఉంది గదా తమ్ముడూ. అది ఏరి పొండి. అప్పుడే అంతా కలిపి ఇస్తం."

ఈ మాట చాలా తోటల్లో వినబడుతుంది. కూలి చేతిలో పడితే మనుషులు పోతారని రైతు భయం. పంట పోతుందని దిగులు. ఆ దిగులు నిజమే. మిరపకు పెట్టిన పెట్టుబడి తక్కువ కాదు. కానీ చేసిన పనికి కూలి ఆపి మనిషిని కట్టేస్తే అది వేరే సంగతి అవుతుంది. రోజు కూలికి పెట్టుకుంటే ఆ రోజు పని అయిపోగానే ఇవ్వాలి. వారం లెక్కన పెట్టుకుంటే వారంలో చివరి పనిరోజున, సెలవు రోజు రాకముందే ఇవ్వాలి. మనిషి పని మానేసి పోతానంటే రెండు పనిరోజుల్లోగా మిగిలినదంతా లెక్క తేల్చి ఇవ్వాలి. "కోత అయ్యాక ఇస్తాం" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

బయానా సంగతీ అంతే. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే మేస్త్రి ద్వారా వెయ్యో రెండు వేలో బయానా ఇస్తారు. బయానా ఇవ్వడం నేరం కాదు. "బాకీ తీరేదాకా కదలడానికి వీల్లేదు, ఇంకో తోటకు పోవడానికి వీల్లేదు" అంటే మాత్రం అది వెట్టి. గోదావరికి ఇటు పక్క ముసలివాళ్ళకు వెట్టి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలంగాణ రైతాంగ పోరాటం జరిగిన ఒక కారణం అదే. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అప్పు పేరుతో మనిషిని కట్టేసి పని చేయించుకుంటే మూడేళ్ళ దాకా జైలు. ఆ అప్పు కూడా చెల్లదు, తీర్చనక్కర్లేదు. 1982లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం పనిచేసిన కూలీల కేసు అది. కనీస కూలి కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే అని ఆ తీర్పు చెప్పింది. ఆకలి కూడా ఒక బలవంతమే కదా.

మరి తోటవాళ్ళు ఏం చేయాలి? మనుషులు నిలవాలంటే కూలి ఆపడం కాదు, ముందుగా మాట్లాడుకోవడం మేలు. ఆకు ఎప్పుడు వస్తుందో అందరికీ తెలుసు. చివరి కోతకు కిలో రేటు కొంచెం పెంచి చెప్పొచ్చు. పోయేవాళ్ళు పోగా ఊళ్ళోవాళ్ళను పిలవొచ్చు. వారం వారం కూలి సరిగ్గా పడే తోటకు కూలీలు మళ్ళీ ఏడాది కూడా వస్తారు. ఇది ఏ చట్టమూ చెప్పదు గానీ, కూలికి పోయిన ప్రతి ఆడమనిషికీ తెలుసు.

లెక్క రాసి పెట్టకపోతే ఏమవుతుంది? 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు లేవు, పనులు ఆగాయి. ములుగు జిల్లా పేరూరు వైపు మిరప తోటల్లో ఛత్తీస్‌గఢ్ కూలీలు చిక్కుకుపోయారు. పేరూరు 2016 దాకా ఖమ్మం జిల్లాలోదే. ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పొడిగించారు. కొందరు ఇక ఆగలేక అడవి దారిన నడక పట్టారు. వాళ్ళలో పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఉంది. మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న, ఇల్లు చేరకుండానే దారిలో చనిపోయింది. ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోయిందని అన్నారు. ఆ పిల్ల కాయ ఏరడానికి వచ్చింది.

పన్నెండేళ్ళ పిల్ల తోటలో ఎందుకుంది? ఈ ప్రశ్న ప్రతి తోటకూ వర్తిస్తుంది. 14 ఏళ్ళు నిండని పిల్లలను ఏ పనికీ పెట్టకూడదని 2016లో చట్టాన్ని గట్టి చేశారు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా. "వాళ్ళమ్మే వెంట తెచ్చుకుంది, మేం రమ్మనలేదు" అని తోటవాళ్ళు అంటారు. తల్లి వెంట రావడం వేరు, చేతికి గంప ఇవ్వడం వేరు. పిల్ల ఏరిన కాయ తల్లి గంపలో కలిసి కాటా ఎక్కిందంటే పిల్ల పనిచేసినట్టే.

అప్పట్లో 1979 నాటి చట్టం ఒకటి ఉండేది. వేరే రాష్ట్రం నుంచి ఐదుగురు, అంతకంటే ఎక్కువ మందిని తెచ్చే మేస్త్రికి లైసెన్సు ఉండాలని, ప్రతి కూలికీ ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలని అందులో ఉంది. అడవి దారిలో వచ్చే మనుషులకు పాస్‌బుక్కు ఎవరిచ్చారు? పేరే ఎక్కడా రాసి లేకపోతే ఎవరు ఏ తోటలో ఉన్నారో సర్కారుకెలా తెలుస్తుంది? ఆ చట్టం కూడా 2025లో కొత్త కోడ్‌లలో కలిసిపోయింది.

తోటకు తీసుకుపోయే బండి గురించి కూడా ఒక మాట. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో మిరప కోతకు పోతున్న ఆడకూలీల ట్రాక్టరు కాలువలో పడింది. తొమ్మిది మంది చనిపోయారు. ట్రాక్టరు తొట్టి మనుషుల కోసం కాదు. అందులో మనుషులను ఎక్కిస్తే బీమా కంపెనీ డబ్బు కట్టననవచ్చు. అప్పుడు ఆ బరువు బండివాళ్ళ మీద, పని పెట్టుకున్నవాళ్ళ మీద పడుతుంది.

ఇప్పుడు పుస్తకం సంగతి. ఐదుగురి కంటే ఎక్కువ మందిని వ్యవసాయ పనికి పెట్టుకుంటే రిజిస్టరు రాయాలి. ఐదుగురి లోపు ఉంటే రాయనక్కర్లేదు, కానీ అడిగితే కూలి ఇచ్చినట్టు రుజువు చూపాలి. రాయడమే మేలు. ఎందుకంటే "మాకు కూలి ఇవ్వలేదు" అని కూలీలు ఫిర్యాదు చేస్తే, ఇచ్చామని నిరూపించే బాధ్యత యజమానిది. నోటి మాట నిలబడదు. తక్కువ ఇచ్చినట్టు తేలితే 50 వేల రూపాయల దాకా జరిమానా. ఎగ్గొట్టిన డబ్బుకు పది రెట్ల దాకా పరిహారం కట్టమని కూడా అనవచ్చు.

రాయడం కష్టమేమీ కాదు. వందలోపు అంకెలు వచ్చినవాళ్ళు రాయగలరు. ఒక మనిషికి ఒక పేజీ. పైన పేరు, ఊరు, వయసు. కింద తేదీ, ఏరిన కిలోలు. ఒక ఆడమనిషి వారంలో ఆరు రోజులు ఏరింది: 22, 20, 24, 18, 21, 15. అన్నీ కలిపితే 120 కిలోలు. కిలోకు 20 రూపాయలు అనుకుంటే 2,400 అయింది. బయానాలో 500 పట్టుకున్నారు. తోటవాళ్ళు ఇచ్చిన బియ్యం, నూనెకు 300 పట్టుకున్నారు. పోగా చేతికి 1,600. పట్టుకున్న డబ్బు కూలిలో సగం దాటకూడదని చట్టం. ఇక్కడ దాటలేదు. 15 కిలోలు ఏరిన రోజు చూడండి. ఆ రోజుకు 300 వచ్చింది. కనీస కూలి అంతకంటే ఎక్కువ ఉంటే తేడా కలపాలి. కలిపినది కూడా రాయాలి.

కాటా అందరి ముందు వేయాలి. ఆ సాయంత్రమే అంకె రాసి, గట్టిగా చదివి వినిపించాలి. అవతలివాళ్ళకు తెలుగు రాకపోతే మేస్త్రి వాళ్ళ భాషలో చెప్పాలి. మేస్త్రి చేతికి మొత్తం డబ్బు ఇచ్చి ఊరుకోకూడదు. ఎవరి కూలి వాళ్ళ చేతిలో పెట్టి వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. పక్కన ఇంకొకరి సాక్షి సంతకం ఉంటే మంచిది. ఇంకో కాగితం మీద అదే లెక్క రాసి కూలిమనిషికీ ఇవ్వాలి.

రాత్రిపూట ఆడకూలీలు పట్టాల కింద పడుకుంటారు. మేస్త్రి గానీ తోటవాళ్ళు గానీ చెయ్యి వేస్తే, చెడు మాట అంటే, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. 2013 చట్టం పొలాల్లో పనిచేసేవాళ్ళకూ వర్తిస్తుంది. పిల్లలను పనిలో చూస్తే 1098కి ఫోన్ చేయాలి. ఆడవాళ్ళకు, వాళ్ళ ఆదాయం ఎంతైనా సరే, న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. దాని నంబరు 15100.

తోట అయిపోయింది, కూలీలు పోయారు, కాయ ఖమ్మం మార్కెట్‌కు పోయింది. పుస్తకాన్ని మాత్రం పడేయకూడదు. కూలి గురించి మూడేళ్ళ దాకా ఫిర్యాదు చేయొచ్చు. కాబట్టి మూడేళ్ళు దాచాలి. సంఘం పెట్టెలో పొదుపు పుస్తకాల పక్కన పెడితే సరిపోతుంది. ఎలుకలు కొట్టకుండా చూసుకోవాలి.