ఇంటి ఆవరణలో అలంకార వెదురు : ఎంపిక, ఖర్చు, సంరక్షణ

చేట, గంప, నిచ్చెన, పందిరి గుంజ మొదలైన రూపాల్లో తరతరాలుగా తెలుగువారి ఇంటిలో ఉన్న వెదురు, ఇటీవలి కాలంలో అలంకార మొక్కగా ముంగిట చేరింది. పట్టణాల్లో ఇళ్ల మధ్య ఖాళీ తగ్గుతున్న కొద్దీ చాటు కోసం, నీడ కోసం, దుమ్మును అడ్డుకోవడం కోసం ప్రహరీ వెంట వెదురు నాటేవారు పెరుగుతున్నారు. అయితే నర్సరీలో రెండడుగుల ఎత్తున ముచ్చటగా కనిపించిన మొక్క నాలుగైదేళ్లలో ఏ పరిమాణానికి చేరుతుందో, దానిని అదుపులో ఉంచడానికి ఏటా ఎంత ఖర్చవుతుందో కొనేటప్పుడు ఆలోచించేవారు తక్కువ. గోడను నెట్టే పొద, విద్యుత్ తీగలను తాకే గడలు, పొరుగింటి వారితో తగాదా, చివరకు నాటిన ఖర్చుకు ఎన్నో రెట్లు వెచ్చించి దుంపలు తవ్వించడం వంటి అవస్థలన్నింటికీ మూలం తొలినాటి ఎంపికలోనే ఉంటుంది.

వెదురు పెరిగే తీరు

వెదురు చెట్టు కాదు. వరి, చెరకు, జొన్నల వలె గడ్డి కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. దీని గడ నేల నుంచి మొలకగా వెలువడినప్పుడే తన పూర్తి లావుతో వస్తుంది. ఆ తరువాత లావు పెరగదు. రెండు మూడు నెలల్లోనే పూర్తి ఎత్తుకు చేరి, ఆపై కొమ్మలను, ఆకులను మాత్రమే వేస్తుంది. కాబట్టి నాటిన మొదటి ఏడాది వచ్చిన సన్నని గడలను చూసి నిరాశ చెందవలసిన పనిలేదు. అవి ఎప్పటికీ సన్నగానే ఉంటాయి. దుంప బలపడిన కొద్దీ ఏటా వర్షాకాలంలో వచ్చే కొత్త గడలు అంతకు ముందటి వాటికంటే లావుగా, ఎత్తుగా వస్తాయి.

భూమిలోని దుంప పెరిగే తీరును బట్టి వెదురును రెండు తరగతులుగా విభజిస్తారు. మొదటిది పొదగా పెరిగేది. దీని దుంపలు పొట్టిగా ఉండి, కొత్త గడలు పాత గడల పక్కనే వస్తాయి. రెండవది పాకుతూ పెరిగేది. దీని దుంపలు నేలలో పొడవుగా పాకి, తల్లి మొక్కకు దూరంగా ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి. మన ప్రాంతంలో ఇంటి ఆవరణకు పొదగా పెరిగే రకాలనే ఎంచుకోవాలి. ఫిల్లోస్టాకిస్ ఆరియా వంటి పాకే రకాలను పెంచదలచినవారు కుండీకే పరిమితం చేయడం క్షేమం.

అనువైన రకాలు

బాంబూసా మల్టీప్లెక్స్ : కంచె వెదురుగా పేరొందిన ఈ రకం ఇంటి ఆవరణకు అన్నింటికన్నా అనుకూలం. సాధారణంగా 3 నుంచి 6 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆకులు సన్నగా, దట్టంగా ఉంటాయి. కత్తిరింపులను బాగా తట్టుకుంటుంది.

పసుపు వెదురు : బాంబూసా వల్గారిస్‌లో పసుపు గడలపై ఆకుపచ్చ చారలుండే రకం ఇది. చూడటానికి ఎంతో అందమైనదే కాని, నేలలో 10 మీటర్లకు మించి పెరుగుతుంది. విశాలమైన తోటలకు, పొలం ఇళ్లకు తగును. ప్రహరీకి కనీసం 3 మీటర్ల ఎడం లేనిచోట నాటరాదు.

బుద్ధ వెదురు : బాంబూసా వెంట్రికోసా కుండీలో పెరిగినప్పుడు కణుపుల మధ్య భాగం ఉబ్బి బొజ్జలా కనిపిస్తుంది. దీనిని సారవంతమైన నేలలో నాటి సమృద్ధిగా నీరిస్తే గడలు మామూలుగా, నిటారుగా, ఎత్తుగా పెరుగుతాయి. నర్సరీ వారు వేరే మొక్క ఇచ్చారని కొందరు అపోహపడతారు. ఉబ్బిన గడలు కావాలంటే కుండీలోనే పెంచి, నీటిని, ఎరువును పరిమితంగా ఇవ్వాలి.

థైర్సోస్టాకిస్ సయామెన్సిస్ : గడలు చాలా దగ్గరగా, నిటారుగా వస్తాయి. ముళ్లుండవు. 7 నుంచి 13 మీటర్ల ఎత్తు పెరుగుతుంది కనుక పైన తీగలు లేని చోటనే నాటాలి.

మన అడవుల్లో సహజంగా పెరిగే ముళ్ల వెదురు గట్లకు, కంచెలకు పనికివస్తుందే గాని పిల్లలు తిరిగే ఇంటి ముంగిటకు తగదు. అలాగే గాజు పాత్రలో నీటిలో ఉంచి అదృష్ట వెదురు పేరిట అమ్మే మొక్క అసలు వెదురే కాదు. అది డ్రసీనా జాతికి చెందినది. దాని సంరక్షణ పద్ధతులు వెదురుకు వర్తించవు.

ఖర్చు లెక్క

అలంకార వెదురు విషయంలో మొక్క ధరనే ఖర్చుగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. ప్రహరీ వెంట 30 అడుగుల పొడవున, మూడడుగులకొకటి చొప్పున 10 కంచె వెదురు మొక్కలు నాటే ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడ చూపిన ధరలు లెక్క వేసే పద్ధతి కోసం అనుకున్నవే. ఎవరి ఊరి ధరలను వారు ఇందులో వేసుకోవాలి.

మొక్క ఒక్కింటికి రూ. 200 చొప్పున రూ. 2,000, గుంతలు తీసి నాటడానికి ఇద్దరు కూలీలకు రూ. 700 చొప్పున రూ. 1,400, 100 కిలోల కంపోస్టుకు రూ. 800; వేప పిండికి రూ. 100, డ్రిప్ పైపుకు రూ. 700. వెరసి తొలి పెట్టుబడి రూ. 5,000. రెండో ఏడాది నుంచి కత్తిరింపులకు, పొద పలుచన చేయడానికి ఏడాదికి నాలుగు పనిదినాలకు రూ. 2,800, కంపోస్టుకు రూ. 800, కాంప్లెక్స్ ఎరువు, వేప నూనెలకు రూ. 200. అనగా ఏటా రూ. 3,800. ఈ ప్రకారం ఐదేళ్ల ఖర్చు రూ. 20,200 అవుతుంది. ఇందులో మొక్కల ధర సుమారు పదో వంతు మాత్రమే. కూలీ ఖర్చు రూ. 12,600, అంటే మొత్తంలో దాదాపు 62 శాతం.

ఈ లెక్క వల్ల రెండు విషయాలు తెలుస్తాయి. నర్సరీలో మొక్కకు యాభై రూపాయలు తగ్గించుకోవడం వల్ల కలిగే మేలు స్వల్పం. ఆవరణకు తగిన ఎత్తు పెరిగే రకాన్ని ఎంచుకోవడం వల్ల కలిగే మేలు అధికం. నేల మీద నిలబడి కత్తిరించగల కంచెను ఇంటివారే చూసుకోవచ్చు. నిచ్చెన వేసి కత్తిరించవలసిన దానికి ప్రతిసారీ కూలీ తప్పదు.

కుండీల్లో పెంచితే తొలి ఖర్చు మరింత పెరుగుతుంది. 45 సెం.మీ. వెడల్పు, అంతే లోతు గల కుండీలో సుమారు 70 లీటర్ల మట్టి మిశ్రమం పడుతుంది. ఐదు కుండీలకు రూ. 1,500 చొప్పున రూ. 7,500, 350 లీటర్ల మిశ్రమానికి లీటరుకు రూ. 8 చొప్పున రూ. 2,800, మొక్కలకు రూ. 1,000. మొత్తం రూ. 11,300. అంటే నేలలో మొక్కకు రూ. 500 అయిన చోట కుండీలో రూ. 2,260 అవుతుంది. దీనికి తోడు రెండు మూడేళ్లకొకసారి కుండీ మార్పిడి ఖర్చు ఉంటుంది. అద్దె ఇళ్లలో ఉన్నవారు, నేల లేనివారు ఐదు కుండీలతో కాక ఒకటి రెండింటితో మొదలుపెట్టడం మంచిది.

మొక్కల కొనుగోలు

తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక ప్రాంత నర్సరీల్లోను, పెద్ద పట్టణాల నర్సరీల్లోను అలంకార వెదురు మొక్కలు లభిస్తాయి. ఎత్తును చూసి కాక, మొదలు వద్ద కనీసం మూడు నాలుగు గడలు ఉండి, కొత్త పిలక కనిపించే మొక్కను ఎంచుకోవాలి. సంచి అడుగున వేర్లు చుట్టలు చుట్టుకొని గట్టిపడిన మొక్కలను తీసుకోరాదు. తల్లి పొద పూతకు వచ్చిందేమో విచారించడం అవసరం. వెదురు పొదలు అనేక సంవత్సరాలకొకసారి పూసి, ఆ తరువాత సాధారణంగా ఎండిపోతాయి. ఆ పొద నుంచి విడదీసిన పిలకలు కూడా దాదాపు అదే కాలంలో పూతకు వచ్చే అవకాశం ఉంది.

నాటే విధానం

జూన్, జూలై నెలల్లో తొలకరి వర్షాల తరువాత నాటడం శ్రేష్ఠం. నీటి వసతి ఉంటే ఇతర కాలాల్లోనూ నాటవచ్చు గాని, ఎండాకాలంలో నాటకపోవడం మంచిది. 60 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలు తీసి, పైమట్టిలో 10 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు లేదా కంపోస్టు, 250 గ్రా. వేప పిండి కలిపి నింపాలి. కంచె వెదురును గోడకు కనీసం ఒక మీటరు దూరంలో, మొక్కల మధ్య సుమారు 90 సెం.మీ. ఎడంతో నాటాలి. వెదురు వేర్లు పీచువలె పై పొరల్లోనే ఎక్కువగా వ్యాపిస్తాయి. దుంపలు మాత్రం ఏటా బయటకు విస్తరిస్తాయి కనుక గోడకు, నీటి పైపులకు, సెప్టిక్ ట్యాంకుకు తగిన దూరం పాటించాలి. నీరు నిలిచే నల్లరేగడి నేలల్లో గుంతను నేల మట్టం కంటే కొంత ఎత్తుగా నింపి నాటాలి.

కుండీల కోసం ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, కుండీకి 100 గ్రా. వేప పిండి చేర్చాలి. తడిసిన మట్టితో ఈ పరిమాణంలోని కుండీ బరువు నూరు కిలోలు దాటుతుంది. కాబట్టి మేడపై పెంచేవారు కుండీలను శ్లాబు నడుమ గుంపుగా చేర్చక, గోడల, దూలాల మీదుగా ఎడంగా అమర్చాలి. పాత కట్టడమైతే ముందుగా ఇంజనీరును సంప్రదించాలి. ఎత్తైన అంతస్తుల్లో గాలికి కుండీ పడిపోకుండా ఊతం కట్టాలి.

నీరు, ఎరువులు

నాటిన మొదటి ఏడాది నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి గాని బురదగా ఉండరాదు. పైన 5 సెం.మీ. మట్టి ఆరిన తరువాత నీరివ్వాలి. వేసవిలో కుండీలకు ప్రతిరోజూ, అడుగు రంధ్రాల నుంచి నీరు కారే వరకు పోయాలి. ఆకులు పొడవునా చుట్టుకుంటే నీటి ఎద్దడి ఉన్నట్లు గుర్తించాలి. ఆకులు పసుపు రంగుకు మారి, మట్టి తడిగా ఉంటే నీరు ఎక్కువైనట్లు భావించాలి. ఆకుల కొనలు మాడితే బోరు నీటిలో ఉప్పు శాతం అధికంగా ఉండటం గాని, ఎరువు మోతాదు మించడం గాని కారణం కావచ్చు. అటువంటప్పుడు వాన నీటితో గాని, మంచి నీటితో గాని కుండీ మట్టిని ఒకసారి బాగా కడగాలి.

నేలలోని మొక్కకు ఏటా జూన్‌లో 10 కిలోల కంపోస్టు, జూన్, సెప్టెంబరు నెలల్లో 100 గ్రా. చొప్పున 17:17:17 కాంప్లెక్స్ ఎరువు వేయాలి. కుండీలకు జూన్, అక్టోబరు నెలల్లో ఒక కిలో చొప్పున వర్మీకంపోస్టు సరిపోతుంది. రాలిన ఆకులను ఊడ్చి కాల్చివేయకుండా మొదళ్ల చుట్టూ పలుచగా పరచాలి. వీటిలో ఉండే సిలికా తిరిగి మొక్కకు అందుతుంది, తేమ నిలుస్తుంది. వేసవిలో మాత్రం ఎండుటాకులు మందంగా పేరుకోనీయరాదు. నిప్పురవ్వ పడితే అంటుకునే ప్రమాదం ఉంది.

కత్తిరింపులు

వెదురు అందం, ఆరోగ్యం రెండూ కత్తిరింపుపైనే ఆధారపడి ఉంటాయి. కొత్త మొలకలు వచ్చే వర్షాకాలంలో పొదను కదిలించరాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మూడేళ్లు దాటిన గడలను, ఎండిన, వంకర గడలను తీసివేయాలి. కొనను కత్తిరించిన గడ మరి ఎత్తు పెరగదు. కనుక కావలసిన ఎత్తులో ఒక్కసారి కత్తిరిస్తే ఆ గడకు సంబంధించినంతవరకు ఆ పని పూర్తయినట్లే. కింది కొమ్మలను మీటరు ఎత్తు వరకు తీసివేస్తే గడల రంగు స్పష్టంగా కనిపిస్తుంది. పాములు, ఎలుకలు చేరే అవకాశమూ తగ్గుతుంది. పొద హద్దు దాటి వచ్చిన మొలకలను లేతగా ఉన్నప్పుడే తొలగించాలి. మొలకల పొరలపై ఉండే సన్నని నూగు దురద కలిగిస్తుంది కనుక చేతి తొడుగులు ధరించాలి.

గడలను కణుపుకు సరిగ్గా పైన కోయాలి. కణుపుకు ఎడంగా, పైన కోస్తే మిగిలిన గొట్టంలో వాన నీరు నిలిచి డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమలకు ఆవాసమవుతుంది. ఇంటి ఆవరణలో వెదురు పెంచేవారు తప్పక పాటించవలసిన నియమమిది. ఇప్పటికే అలా మిగిలిన మొదళ్లుంటే మట్టితో లేదా ఇసుకతో నింపాలి.

చీడపీడలు

పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగులు లేత గడలను, ఆకులను ఆశించి రసం పీలుస్తాయి. అవి విసర్జించే తేనె వంటి పదార్థంపై నల్లని మసి తెగులు వ్యాపిస్తుంది. తొలి దశలో నీటిని వేగంగా చిమ్మి కడగడం, ఎక్కువగా ఆశించిన గడలను తీసివేయడం చాలు. అవసరమైతే లీటరు నీటికి 5 మి.లీ. వేప నూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం వేళ పిచికారి చేయాలి. చెదలు కనిపిస్తే మొదళ్ల వద్ద ఎండు ముక్కలను తొలగించి వేప పిండి వేయాలి.

చట్టపరమైన విషయం

వెదురు నరకడానికి అటవీ శాఖ అనుమతి కావాలేమోనని కొందరు సందేహిస్తారు. 1927 నాటి భారత అటవీ చట్టంలో చెట్టు అనే నిర్వచనం కింద వెదురు ఉండేది. 2017లో చేసిన సవరణ ద్వారా దానిని తొలగించారు. కావున అటవీ ప్రాంతం వెలుపల పెంచిన వెదురును నరకడానికి, తరలించడానికి ఆ చట్టం కింద అనుమతి అవసరం లేదు. తీసివేసిన గడలు కూరగాయల పందిళ్లకు, టమాట ఊతకర్రలకు, తీగ మొక్కల ఆధారానికి ఉపయోగపడి, సంరక్షణ ఖర్చులో కొంత తిరిగి వస్తుంది.

వెదురు దీర్ఘకాలం నిలిచే మొక్క. నాటే ముందు స్థలాన్ని కొలిచి, పైనున్న తీగలను, పక్కనున్న గోడను, ఏటా వెచ్చించగల సొమ్మును, శ్రమను లెక్క చూసుకుని, అందుకు తగిన రకాన్ని ఎంచుకోవాలి. ఆ గంటసేపు చేసిన ఆలోచన మున్ముందు ఏళ్ల తరబడి ఖర్చును, పొరుగువారితో కలతను నివారించి, ఇంటికి చల్లని పచ్చదనాన్ని ఇస్తుంది.