గడువు దాటితే ఏమవుతుంది?

పుంగనూరు మనిషి బైకు ముళబాగల్‌లో పోయిందనుకోండి. ఒకప్పుడైతే ‘అది కర్ణాటక, అక్కడికే పో’ అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. పుంగనూరు స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అటు పంపాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, కాకపోతే 3 రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలి.

2024 జులై 1న 1973 నాటి సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. 484 సెక్షన్లు 531 అయ్యాయి. అంతకన్నా పెద్ద మార్పు, చాలాచోట్ల రోజుల లెక్క రాయడం. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజుల్లో చెప్పాలి. ముద్దాయి కోర్టుకొచ్చిన 14 రోజుల్లో కాగితాల నకళ్లు చేతికివ్వాలి. ఛార్జీల మీద మొదటి విచారణ జరిగిన 60 రోజుల్లో ఛార్జీలు ఖరారు కావాలి. సెషన్స్ కేసులో వాదనలు ముగిశాక 30 రోజుల్లో, కారణం రాస్తే 45 రోజుల్లో తీర్పు రావాలి.

వాయిదాలు? కక్షిదారు చేతిలో లేని కారణానికి, అవతలివాళ్ల మాట విని, కారణం రాసి, రెండుకు మించకుండా ఇవ్వాలి. పొద్దున బస్సెక్కి వచ్చి, అటెండరు మూడుసార్లు పేరు పిలిస్తే పరుగెత్తి, మళ్లీ నెల తర్వాతి తేదీ రాసుకుని వెళ్లేవాళ్లకు ఈ రెండు అంకె వింటే నవ్వొస్తుంది. చిత్తూరు మేయర్ కఠారి అనురాధ హత్య జరిగింది 2015 నవంబరు 17న. శిక్షలు పడింది 2025 అక్టోబరులో.

పాత కేసులకు కొత్త లెక్క అంటదు కూడా. 2023 ఆగస్టు 4 నాటి పుంగనూరు ఘర్షణల కేసులు పాత చట్టాల కాలానివి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయం తగలబడిన ఘటన కొత్త చట్టాల కాలానిది. మధ్య దూరం ఏడాది కూడా లేదు. ప్లీడర్లు ఇంకా చాలాకాలం రెండు పుస్తకాలూ మోయాల్సిందే.

గడువు కనబడినచోటల్లా నేను అడిగేది ఒకటే: దాటితే ఏమవుతుంది? నకళ్లు 20వ రోజున ఇస్తే కేసు పోదు. తీర్పు 60వ రోజున వచ్చినా తీర్పే. కోరలున్న అంకెలు కొన్నే. ఆ బైకు కేసే తీసుకోండి: మామూలు దొంగతనంగా చూస్తే శిక్ష 3 ఏళ్ల వరకు. 60 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే, జామీను కట్టడానికి సిద్ధపడిన ముద్దాయికి బెయిలు హక్కు. పెద్ద నేరాలకు ఇది 90 రోజులు. ఇది పాత చట్టంలోనూ ఉన్నదే.

కొత్తగా వచ్చిన కోర 479వ సెక్షన్. ఇంతకుముందు శిక్ష పడని మనిషి, గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండులోనే గడిపితే బాండు మీద వదలాలి. బైకు కేసులో అంటే ఏడాది. మిగతావాళ్లకు సగం, అంటే 18 నెలలు. ఉరి, యావజ్జీవ శిక్షలు పడదగ్గ కేసులకు ఇది లేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ వెసులుబాటు మాత్రం పాత కేసుల విచారణ ఖైదీలకూ వర్తిస్తుందని తేల్చింది. గడువు నిండగానే కోర్టుకు రాయాల్సింది జైలు సూపరింటెండెంటు, ఖైదీ కాదు.

ఒక మెలిక ఉంది. ఆ మనిషి మీద ఇంకో కేసు పెండింగులో ఉంటే ఈ సెక్షన్ పనిచేయదు. బైకు దొంగ దొరికితే పోలీసులు ఒక్క బైకుతో ఆగుతారా?