విహారనౌక టిక్కెట్టులో ఏమేమి ఉండవలెను?

మన పట్టణములలోని భోజనశాలలలో ‘ఫుల్ మీల్స్’ అను మాటకు అర్థమేమో చిన్నపిల్లలకు కూడ తెలియును. అన్నము, పప్పు, సాంబారు, పెరుగు ఎంత వడ్డించుకొన్నను ధర ఒక్కటే. ఆమ్లెట్టో చేపవేపుడో కావలెనన్నచో వేరుగ చెల్లించవలెను. రెండు ధరలును గోడమీది బోర్డునందే వ్రాసియుండును గనుక ఎవరికిని తగవు లేదు. సముద్రముమీద తిరుగు పెద్ద విహారనౌకలలో ఇంత సులువైన లెక్క ఎట్లు చిక్కుపడినదో, ఆ చిక్కునకు మద్యము ఎట్లు మూలమైనదో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఇది మనకు సంబంధము లేని ధనికుల విషయమని అనుకొనరాదు. 2022 జూన్ 8న ‘ఎంప్రెస్’ అను విహారనౌక విశాఖపట్టణము రేవునకు వచ్చి, ప్రయాణికులను ఎక్కించుకొని పుదుచ్చేరి, చెన్నైల వైపు సాగినది. 2023 సెప్టెంబరులో అదే రేవున విహారనౌకలకై ప్రత్యేకముగ కట్టిన టెర్మినల్ ప్రారంభమైనది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన మన యువకులు ఇట్టి ఓడల వంటశాలలలోను, భోజనశాలలలోను ఉద్యోగములకు పోవుచున్నారు. టిక్కెట్టు కొనువారికే గాక అచ్చట జీతము పుచ్చుకొనువారికి కూడ ఈ లెక్క అవసరము.

అమెరికా రేవులనుండి నడచు పెద్ద కంపెనీల ఓడలలో సాధారణముగ టిక్కెట్టు ధరలో గది, ప్రధాన భోజనశాలలోని మూడుపూటల తిండి, నాటకశాలలోని ప్రదర్శనలు, ఈతకొలను చేరియుండును. మంచినీరు, టీ, మామూలు కాఫీ కూడ ఉచితమే. మద్యము, సీసాలలోని శీతలపానీయములు, ప్రత్యేక భోజనశాలలు, ఇంటర్నెట్టు, రేవులలో దిగి ఊరు చూచుట, సేవకులకిచ్చు బక్షీసు మాత్రము బయట నిలిచినవి.

పూర్వమిట్లు లేదు. 1840లో కునార్డ్ కంపెనీవారి ‘బ్రిటానియా’ అట్లాంటిక్ మహాసముద్రము దాటినపుడు చార్జీలోనే భోజనముతోపాటు వైను కూడ చేర్చిరి. మన దేశమునకు ఓడలు నడపిన పి అండ్ ఓ కంపెనీవారును తొలి దశాబ్దములలో మద్యమును టిక్కెట్టులోనే కలిపి ఇచ్చెడివారు. తాగనివాడు పక్కవాని సీసాకు కూడ చెల్లించెనన్నమాట. కాలక్రమమున మద్యము చార్జీనుండి విడిపోయినది. 1920 నుండి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధము అమలైనపుడు ఓడలకును, మద్యమునకును గల సంబంధము మరింత బిగిసినది. ఆ దేశపు తీరజలములలోనికి వచ్చు విదేశీ నౌకలకు సైతము నిషేధము వర్తించునని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తీరజలములు దాటినచో మాత్రము ఆ చట్టము చేయి చాలదు. ఏ ఊరికిని పోక, నడిసముద్రమున తాగి తిరిగివచ్చుటకే జనులు ఓడలెక్కిన రోజులవి.

నేటి నియమములకు వత్తము. కార్నివాల్ కంపెనీ ఓడలలో ఇరువదియొక్క సంవత్సరములు నిండిన ప్రతి ప్రయాణికుడును బయలుదేరు రోజున 750 మిల్లీలీటర్ల వైను సీసా ఒకటి వెంట తెచ్చుకొనవచ్చును. దానిని భోజనశాలలో తెరచినచో ‘కార్కేజి’ అను రుసుము చెల్లించవలెను. బీరు, విస్కీ వంటివి తేరాదు. డిస్నీ ఓడలు ఇంతకన్న ఉదారములు. పెద్దవారు ఒక్కొక్కరు రెండు వైను సీసాలు గాని ఆరు బీర్లు గాని తెచ్చుకొనవచ్చును. నడుమ రేవులలో కొన్న సారాయి సీసాలను పలు ఓడలవారు తమవద్ద దాచి, ప్రయాణము ముగియు సమయమున తిరిగి ఇత్తురు. సామానును ఎక్స్‌రే యంత్రముతో పరీక్షింతురు. అయినను నోరు పుక్కిలించు మందు సీసాలలో రంగు కలిపిన సారాయి తెచ్చువారు లేకపోలేదు!

ఈ దొంగతనపు ఫలితము ఎవరిమీద పడినదో చూడవలెను. 2015 జులైలో కార్నివాల్ వారు ప్రయాణికులు సీసాలలో పానీయములు తెచ్చుటను నిషేధించిరి. మంచినీటి సీసాలు కూడ అందులో చేరినవి. డబ్బాలలోని శీతలపానీయములు పన్నెండు మాత్రము తెచ్చుకొనవచ్చునన్నారు. ఎవరో నీటిసీసాలో వోడ్కా దాచినందుకు, ఏనాడును మద్యము ముట్టనివాడు తన నీళ్ళను రేవులోనే వదలవలసి వచ్చినది.

ఇంతకన్న విచిత్రమైనది పానీయముల ప్యాకేజీ. రోజుకింతయని ముందే చెల్లించినచో కావలసినన్ని పానీయములు తీసికొనవచ్చును. కార్నివాల్ వారు దీనికి రోజుకు పదునైదు మద్యపానీయముల పరిమితి పెట్టినారు. పరిమితియే అంత యున్నచో మిగిలినది పాఠకులే ఊహింపవచ్చును. ఒక గదిలో ఒకరు కొన్నచో అదే గదిలోని పెద్దవారందరును కొనవలెనన్నది మరియొక నియమము. ఒకడు కొని ఇరువురు తాగుదురేమోయని కంపెనీవారి భయము.

ఒక ఊహాలెక్క వేయుదము. ప్యాకేజీ ధర రోజుకు 70 డాలర్లు, దానిమీద సేవారుసుము 18 శాతము అనుకొందము. భార్యాభర్తలిద్దరికి ఏడురోజులకు 980 డాలర్లు, సేవారుసుముతో కలిపి 1,156 డాలర్లు. ఒక్కొక్క పానీయము విడిగ 12 డాలర్లు, దానిమీదను అదే రుసుము అనుకొన్నచో, ఒక మనిషికి పెట్టిన డబ్బు రాబట్టుకొనుటకు రోజుకు ఆరు పానీయములు తాగవలెను. ఇరువురిలో ఒకరు తాగనివారైనచో, రెండవవాడు ఇద్దరి వాటా పన్నెండును తానే తాగినగాని లెక్క సరిపోదు. ఓడలో ప్రతివానికి ఫోటోతో ముడిపడిన కార్డు కలదు, ప్రతి పానీయమును దానిమీదనే నమోదగును, రోజుకు పరిమితియు కలదు. ఇన్ని కట్టుబాట్లుండగా భార్యచేత కూడ కొనిపించుట న్యాయమని మాకు తోచదు.

కంపెనీలు దీనినింత గట్టిగ పట్టుకొనుటకు కారణము వారి వార్షిక లెక్కలలోనే కనబడును. 2023లో కార్నివాల్ కార్పొరేషన్ మొత్తము రాబడి సుమారు 2,160 కోట్ల డాలర్లు. అందు టిక్కెట్లవలన వచ్చినది సుమారు 1,407 కోట్లు. మిగిలిన 753 కోట్లు ఓడమీది మద్యము, జూదశాల, దుకాణములు, ఊరిచూపుల వంటి వానివలన వచ్చినవి. మూడవ వంతుకు పైగా అన్నమాట. టిక్కెట్టును చౌకగ చూపి ఓడ నింపుట, నింపిన పిమ్మట ఓడలోపల సంపాదించుట, ఇదే వారి పద్ధతి. మన సినిమాహాలువారు సమోసాలమీద చేయు వ్యాపారము వంటిదే. కాకున్న సినిమా మూడు గంటలలో ముగియును, ఓడనుండి నడుమ దిగి పోలేము.

చౌకగ చూపుట అను మాటను ఊరక అనలేదు. ప్రభుత్వమునకు చెల్లించు దానికన్న ఎక్కువ మొత్తమును ‘రేవు రుసుములు’ అను పేరుతో వసూలు చేయుచున్నారని ఫ్లోరిడా రాష్ట్రపు అటార్నీ జనరల్ పట్టుబట్టగా, 1997లో పలు కంపెనీలు ఆ పద్ధతిని మార్చుకొనుటకు ఒప్పుకొన్నవి. 2024 జులై 1 నుండి కాలిఫోర్నియాలో తప్పనిసరి రుసుములన్నిటిని కలిపిన ధరనే ప్రకటించవలెనను చట్టము అమలునకు వచ్చినది. ఒక్క రాష్ట్రమునకు వేరు ధర చూపుట కష్టమని కాబోలు, పెద్ద కంపెనీలు అమెరికా అంతటను పన్నులు, రేవు రుసుములు కలిపిన ధరనే చూపనారంభించినవి.

మా అభిప్రాయమిది. ఓడలో ఎవరును తప్పించుకొనలేని ప్రతి ఖర్చు టిక్కెట్టులో ఉండవలెను: గది, తిండి, నీరు, టీ, రేవు రుసుము, సేవకుల బక్షీసు. మద్యము తప్పించుకొనదగినది. మతము చేతనో, ఆరోగ్యము చేతనో, ఇష్టము లేకనో ముట్టనివారు ప్రతి ఓడలోను ఉందురు. కనుక దాని ధర సేవారుసుముతో కలిపి బోర్డుమీద వ్రాసి, తాగువానినుండి మాత్రమే పుచ్చుకొనవలెను. రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో భోజనపు ధర టిక్కెట్టులో కలిసియుండుట మనకు తెలిసినదే. భోజనము అక్కరలేనివారు ముందే చెప్పి ఆ సొమ్ము తగ్గించుకొను వీలును రైల్వేవారు కల్పించినారు. రైలు చేయగలిగినది ఓడ చేయలేదా?

అన్నియు కలిపి ఇచ్చువారు లేకపోలేదు. రీజెంట్, సిల్వర్‌సీ వంటి ఖరీదైన ఓడలలో మద్యము, బక్షీసు టిక్కెట్టులోనే ఉన్నవి. బ్రిటన్‌లోని మారెల్లా కంపెనీ 2019 వేసవి నుండి మధ్యతరగతివారికి కూడ ఇట్లే ఇచ్చుచున్నది. తాగువారికి ఇది సుఖమే, దాపరికమును లేదు. తాగనివానికి మాత్రము 1840 నాటి పాత అన్యాయమే తిరిగి వచ్చినట్లగును.

బక్షీసు సంగతి వేరు. అది చాల ఓడలలో నేటికిని టిక్కెట్టు ప్రకటనకు బయటనే ఉన్నది. గదులు ఊడ్చువారి, వడ్డించువారి ఆదాయమున దానికి పెద్ద వాటా కలదు. రోజుకింతయని ఖాతాలో వ్రాసినను, వలదని తీసివేయించుకొను ప్రయాణికులున్నారు. పి అండ్ ఓ క్రూయిసెస్ వారు 2019 మే నుండి దీనిని విడిగ వసూలు చేయుట మాని చార్జీలోనే కలిపివేసిరి.