పడవలో పడక

మన సిద్దిపేట కోమటి చెరువులో పడవ యెక్కినవారికి పడక ప్రసక్తి రాదు. కొంతసేపు విహరించి ఒడ్డు చేరుదురు. రాత్రియు నీటిపైననే గడపవలసి వచ్చినపుడు మాత్రము పడవయే ఇల్లగును. కాలు చాచుకొనుటకు చోటెక్కడ అను ప్రశ్న అప్పుడు పుట్టును.

తెలుగునాట ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి కాలువలు పైరులకు నీటినేగాక పడవలకు దారినిగూడ ఇచ్చినవి. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ చదివిన విద్యార్థులు ఆ కాలువలపై రాత్రి ప్రయాణ మెట్టిదో ఎరుగుదురు.

ఇంగ్లండు కాలువలపై సరకు పడవల వెడల్పు సుమారు 7 అడుగులే. పొడవులో అధికభాగము సరకునకే పోగా, వెనుక 10 అడుగుల గదిలో కుటుంబమంతయు కాపురముండెడిది. బీరువా తలుపును అడ్డముగా దింపిన అదియే తల్లిదండ్రుల మంచము. ప్రక్క బల్ల పిల్లల పడక. తెల్లవారగనే మంచము మరల తలుపగును.

నేటి చిన్న విహార మోటారు పడవలును ఈ మార్గమునే అనుసరించుచున్నవి. పడుకొనుటకు మనిషికి ఆరున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కావలెను. 20 మొదలు 26 అడుగుల పడవలో దీనిని మూడు విధముల సమకూర్చెదరు.

మొదటిది ముందు మొనలోని పడక. తలల వద్ద వెడల్పుగా నుండి పాదముల వద్ద ఇరుకగును. ఏకాంతము కలదు, కాని రాత్రియెల్ల అలలు చెవి క్రిందనే కొట్టుచుండును. రెండవది భోజనపు బల్లను దింపి, ఇరుప్రక్కల ఆసనములతో కలిపి పరుపు పరచుట. చోటు కలిసివచ్చును, కాని ఒకడు మేలుకొనియున్న రెండవవానికి నిద్ర లేదు. మూడవది వెనుక ఆసనముల క్రింది గుహవంటి పడక. ఊపు తక్కువ, లేచి కూర్చుండుటకు మాత్రము ఎత్తు చాలదు. ఇంజను సమీపముననుండిన మరియొక భయము కలదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు; నిద్రించువాడు దానిని గుర్తింపజాలడు.

ఈ మూడింటిలో ఏది మేలు? మెత్తదనమును బట్టి తీర్పు చెప్పరాదు. 2018 మే 15న గోదావరిపై దేవీపట్నం మండలములోని మంటూరు సమీపమున ఒక లాంచీ మునిగినది. అది పడకల పడవ కాదు. పల్లెల ప్రయాణికులను చేరవేయునది. గాలివాన వచ్చుటచే తలుపులు, కిటికీలు మూసికొనిరి. పడవ మునిగినపుడు లోపలనున్న పలువురికి వెలుపలికి దారి దొరకలేదు.

కావున మొనలోని పడకకు పైకప్పున మనిషి దూరగల తలుపుండవలెను. అది పగలు గాలినిచ్చును, ఆపదలో ప్రాణమునిచ్చును. వెనుక పడకలోనివాడు చీకటిలో, ఒకరిని దాటకుండ, మెట్లు చేరగలగవలెను. బల్లను పడకగా మార్చినను నడుమ నడవ మూసికొనిపోరాదు.

పడవను చూచి ఎందరు పడుకొనవచ్చునని అడుగుట వాడుక. ఎందరు లేచి వెలుపలికి రాగలరని అడుగుట వివేకము.