కొత్తది నిలబడేదాకా పాతది చెరపొద్దు

కాసిపేటలో నా ఆన్‌లైన్ సెంటర్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది సింగరేణిలో దిగిపోయిన కార్మికులే, లేదంటే వాళ్ల ఇల్లాళ్లు. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం కింద వచ్చే డబ్బు ఆగకూడదంటే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎవరిది అయిపోయింది, ఎవరికి ఫోన్ చేసి గుర్తుచేయాలి అన్నదంతా నా దగ్గర ఒక ఫైల్లో ఉంటుంది. దాన్ని చదివేదీ దిద్దేదీ పైథాన్‌లో రాసుకున్న చిన్న స్క్రిప్టు. స్క్రిప్టంటే కంప్యూటరు ఒక్కో లైనూ చదువుకుంటూ చేసుకుపోయే ఆదేశాల వరుస, అంతే. “నా పేరు ఎక్కిందా బిడ్డా?” అని అడిగే పెద్దాయనకు “ఎక్కింది కాకా” అని ధైర్యంగా చెప్పాలంటే ఆ ఫైలు మీద నాకు పూర్తి నమ్మకం ఉండాలి.

స్క్రిప్టులు నేర్చుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది ఫైలు తెరిచే పద్ధతి గురించే. పైథాన్‌లో ‘ఆర్’ అని తెరిస్తే చదవడానికి. ‘ఎ’ అంటే ఉన్నదాని చివర చేర్చడానికి. ‘డబ్ల్యూ’ అంటే రాయడానికి. చాలామంది అనుకునేదేమంటే, కొత్త అక్షరం పడ్డప్పుడు పాత అక్షరం పోతుందని. కాదు. ‘డబ్ల్యూ’తో తెరిచిన క్షణానే, ఇంకా ఒక్క అక్షరం రాయకముందే, ఫైలు సున్నా బైట్లకు వచ్చేస్తుంది. గాలిదుమారం లేచి సరిగ్గా అప్పుడే కరెంటు పోతే కొత్త జాబితా ఉండదు, పాత జాబితా ఉండదు.

కరెంటు పోకున్నా తెలుగు రాసేవాళ్లకు ఇంకో గండం ఉంది. ఎన్‌కోడింగ్ ఏదో చెప్పకుండా ఫైలు తెరిస్తే, మన దగ్గరి విండోస్ కంప్యూటర్లలో పైథాన్ చాలాసార్లు ఇంగ్లిష్, పశ్చిమ యూరప్ అక్షరాలు మాత్రమే పట్టే పాత పట్టికను ఎత్తుకుంటుంది. తెలుగు పేరు రాయబోగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆగేసరికే ఫైలు ఖాళీ అయి ఉంటుంది! అందుకని తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని రాసి తీరాలి. అందులో తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ‘కాసిపేట’లో గుణింతపు గుర్తులతో కలిపి 7 ఉన్నాయి, అంటే 21 బైట్లు. రాత మధ్యలో తెగి 20వ బైటు దగ్గర ఆగిందనుకోండి, తర్వాత చదవబోయే స్క్రిప్టు ఆ చివరి అక్షరం దగ్గర మొరాయిస్తుంది.

దీనికి మందు పాతదే, గట్టిది. అసలు ఫైలును ముట్టుకోకుండా, అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో ఒక తాత్కాలిక ఫైలు రాయాలి. రాయడం పూర్తయ్యాక డిస్కు మీదికి దించమని ‘ఎఫ్‌సింక్’తో అడగాలి. ఆ తర్వాతే ‘ఓఎస్ రీప్లేస్’ అనే ఆదేశంతో దాని పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టాలి. లైనక్స్ లాంటి వ్యవస్థల్లో ఈ పేరు మార్పిడి ఒకే దెబ్బకు జరుగుతుంది. చదివేవాళ్లకు మొత్తం పాతదో మొత్తం కొత్తదో కనిపిస్తుంది, సగం సగం కనిపించదు. తాత్కాలిక ఫైలు పెన్‌డ్రైవ్‌లో, అసలుది హార్డ్ డిస్కులో ఉంటే మాత్రం ఈ పని జరగదు. ఎఫ్‌సింక్ ఎందుకు, చాదస్తం కాకపోతే అనేవాళ్లుంటారు. 2009లో లైనక్స్‌లో ఎక్స్‌ట్4 అనే కొత్త ఫైల్ వ్యవస్థ వాడకంలోకి వస్తున్న రోజుల్లో, కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయాక చూస్తే సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలాయి. ప్రోగ్రాములు రాశామనుకున్నది ఇంకా డిస్కుకు చేరనే లేదు.

ఇక రెండో సంగతి, స్క్రిప్టు ఎక్కడిదాకా పోవచ్చన్నది. మా బాపు గనిలో పనిచేసినప్పుడు, పని ఆపేసిన చోట్లకు అడ్డంగా ఫెన్సింగ్ కట్టేవారు, దాన్ని దాటడానికి వీల్లేదు. స్క్రిప్టుకూ అలాంటి కంచె కావాలి. ఎవరో ఇచ్చిన పేరుతో ఫైలు తెరుస్తున్నామంటే, ఆ పేరులో రెండు చుక్కలూ ఒక గీతా ఉంటే చాలు, అది పై ఫోల్డర్‌లోకి ఎగబాకుతుంది. అందుకే ముందు పూర్తి దారిని తేల్చి, అది నా ఫోల్డర్ లోపలే ఉందా అని చూసుకుంటాను. పైథాన్ 3.9లో దీనికి సూటి పద్ధతి ఉంది. ఎన్నో ఫైళ్లను ఒకటిగా కట్టిన టార్ కట్టలు విప్పే పైథాన్ మాడ్యూల్‌లో ఈ లొసుగును 2007లోనే గుర్తించారు. అలాంటి పేర్లను ఆపే వడపోత వచ్చింది మాత్రం 2023లో. ఇంత ఆలస్యం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కంచె లేకపోతే ఏమవుతుందో 2015 జనవరిలో స్టీమ్ ఆటల ప్రోగ్రాము లైనక్స్ వాడకందార్లకు చూపించింది. దాని స్క్రిప్టులో ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ వచ్చింది. ‘ఈ ఫోల్డర్‌లోనివన్నీ తీసెయ్’ అన్న ఆదేశం కంప్యూటరంతటికీ వర్తించి, కొందరి సొంత ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఫోల్డర్ పేరు ఖాళీగా ఉందా అన్న ఒక్క ప్రశ్న ముందే వేసి ఉంటే ఆగిపోయేది. జావాస్క్రిప్ట్ స్క్రిప్టులను నడిపే, 2020లో 1.0 వెర్షన్‌గా వచ్చిన డీనో ఈ విషయంలో నాకు నచ్చింది. ఏ ఫోల్డర్ చదవవచ్చో, ఎక్కడ రాయవచ్చో మనం చెప్పకపోతే అందులో స్క్రిప్టు దేన్నీ ముట్టుకోలేదు. పైథాన్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి, స్కాన్ చేసిన పాస్‌బుక్కుల ఫోల్డర్‌ను స్క్రిప్టు నడిచే యూజర్‌కు చదవడానికి మాత్రమే ఇచ్చాను.

పేరు మార్చేముందు నా స్క్రిప్టు ఇంకో పని చేస్తుంది. తాత్కాలిక ఫైలును మళ్లీ చదివి వరుసలు లెక్కపెడుతుంది. పాతదానికన్నా ఒక్కటి తగ్గినా అక్కడే ఆగి నన్ను అడుగుతుంది. మామూలుగా తగ్గకూడదు కూడా. మనిషి పోయినా నేను పేరు తీసేయను, పక్కన తేదీ వేస్తాను. ఆయన భార్య కుటుంబ పింఛను కాగితాలకు వచ్చినప్పుడు పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) నంబరు ఆ వరుసలోంచే తీసి ఇవ్వాలి.