ఎందుకని అడిగిన ఊరు

గుడివాడ నుంచి బందరు వెళ్లే రైలు గుడ్లవల్లేరులో ఆగితే కిటికీలోంచి కనిపించేది వరిచేలు, కాలవ గట్లు. డెల్టాలో ఏ స్టేషనైనా అంతే. కానీ ఈ ఒక్క మండలంలోని రెండు పల్లెలు తెలుగువాళ్లకు రెండు భగవద్గీతలు ఇచ్చాయి. చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల పాడిన గీత గుడి మైకుల్లో, చావు జరిగిన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. రెండోది అంగలూరుది. దాన్ని మైకులో ఎవరూ పెట్టరు. అది వెక్కిరింపు గీత, రాసినవారు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి.

అంగలూరులో ఇలాంటి మనిషి పుట్టడానికి సగం కారణం నీళ్లే అంటాను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, వరి పండింది, రైతుల చేతిలో డబ్బాడింది. బందరులో 1843 నుంచే నోబుల్ బడి ఉంది. కొడుకుల్ని అక్కడికి పంపే స్తోమత కొందరు రైతులకు వచ్చింది. పొలం వచ్చింది, చదువూ వచ్చింది. పురాణం విప్పి అర్థం చెప్పే పీట మాత్రం పాతవాళ్లదే. రామస్వామి గారి కోపమంతా ఆ పీట మీదే.

1887 జనవరి 15న రైతు ఇంట పుట్టారాయన. నోబుల్ కాలేజీలో ఇంటర్మీడియట్‌కు చేరేనాటికే ఇరవై దాటాయి. అవధానాలు చేశారు, నాటకాలు రాశారు. 1914లో లా చదవడానికి డబ్లిన్ ఓడెక్కారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు ఆ నగరంలో చెలరేగింది ఆయన అక్కడున్న రోజుల్లోనే. హోంరూలును సమర్థిస్తూ బందరు కృష్ణాపత్రికకు అక్కణ్నుంచే రాసేవారు. తిరిగొచ్చి తెనాలిలో స్థిరపడ్డారు. ఇంటికి సూతాశ్రమమని పేరు పెట్టారు.

సూతపురాణం, శంబూకవధ, ఖూనీ. పురాణ కథల్ని బోనెక్కించి అడ్డప్రశ్నలు వేసిన రచనలివి, లాయరు బుద్ధి ఎక్కడికి పోతుంది! అయితే పుస్తకాలకన్నా ఊళ్లను ఎక్కువ కుదిపింది వివాహవిధి అనే చిన్న పొత్తం. పెళ్లి తంతును అందులో తెలుగులోకి తెచ్చారు. తెచ్చి ఊరుకోలేదు. బారిస్టరు చదువు చదివిన మనిషి పెళ్లిపందిట్లో పురోహితుడి స్థానంలో తానే కూర్చుని, వధూవరులకు అర్థమయ్యే మాటల్లో ప్రమాణాలు చెప్పించి పెళ్లిళ్లు చేశారు. తెనాలి మునిసిపల్ చైర్మనుగా గంగానమ్మకు జంతుబలులు ఆపించారు. అది పదవికే ఎసరు పెట్టినా తర్వాత మళ్లీ గెలిచారు. 1943 జనవరి 16న కన్నుమూశారు. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాల్లో ఆయనా ఒకరు. అటు వెళ్లేవాళ్లకు ఆయనది ఏ ఊరో తెలుస్తుందన్న భరోసా నాకు లేదు.

కొడుకు గోపీచంద్ 1910 సెప్టెంబరు 8న అంగలూరులోనే పుట్టారు. లా చదివినా కోర్టు ఒంటబట్టలేదు. ఎం.ఎన్.రాయ్ రాడికల్ డెమొక్రటిక్ పార్టీలో తిరిగారు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డకు మాటలు రాశారు, లక్ష్మమ్మ వంటి సినిమాలకు దర్శకులయ్యారు, రేడియోలో పనిచేశారు. 1947లో వచ్చిన అసమర్థుని జీవయాత్రను, ఎందుకని అడగడం నేర్పాడంటూ తండ్రికే అంకితమిచ్చారు.

చివరి ఏళ్లలో అరవిందుల వైపు మళ్లారు. హేతువాది కొడుకు యోగి చెంత తేలడం కొందరికి లొంగుబాటులా కనిపించింది. నాకలా తోచదు. తండ్రి నేర్పిన ప్రశ్నను తండ్రి జవాబుల మీదా వేశాడు కొడుకు, అంతే. పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా చదవండి. అందులోనూ పెద్దలకూ పిల్లలకూ మధ్య తగవే. కులాంతర వివాహాన్ని శాస్త్రిగారు ఒప్పుకోరు. అయినా రచయిత ఆయన్ని దుర్మార్గుణ్ని చేయడు. 1963లో ఆ నవలకు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగు నవలకు అదే మొదటిది. అందుకోవడానికి గోపీచంద్ లేరు, అంతకుముందు ఏడు నవంబరు 2నే పోయారు.

తపాలా శాఖ తండ్రికి 1987లో, కొడుక్కి 2011లో బిళ్లలు వేసింది. అంగలూరులో ఇప్పుడు ప్రభుత్వ డైట్ ఉంది, కాబోయే పంతుళ్లు శిక్షణ పొందేది అక్కడే. సూతపురాణం మొత్తం చదవమంటే వాళ్లు పారిపోతారేమో గానీ, అసమర్థుని జీవయాత్ర అంకితం పేజీ చదవడానికి నిమిషం చాలు.